పట్టికలో సున్నాలు

పరీక్షల గదిలో బావ సిగ్నల్ జనరేటర్ ముందు కూర్చుని ఫ్రీక్వెన్సీ మారుస్తున్నాడు. బావమరిది కేబుల్ చివర పవర్ మీటర్ బిగించి అంకెలు చదువుతున్నాడు.

"బావా, పై ఫ్రీక్వెన్సీకి పోయేకొద్దీ పవర్ పడిపోతోంది. చివర్న సగమే అందుతోంది."

"కేబుల్ తింటుంది గదరా. అది తిన్నంతా కలిపి పంపడానికేగా జనరేటర్లో దిద్దుబాటు పట్టిక ఎక్కించింది."

"పట్టిక నిండా సున్నాలే ఉన్నాయి."

"సోమవారం నేనే కొలిచాను. ప్రతిచోటా సరిగ్గా వచ్చింది. దిద్దేదేమీ లేక పాతది చెరిపేసి సున్నాలు పెట్టాను."

"కొలిచేటప్పుడు పాత పట్టిక ఆపావా?"

బావ గబగబా సోమవారం కాగితాలు తిరగేశాడు.

"ఆపలేదన్నమాట. కళ్ళజోడు పెట్టుకుని పరీక్షకెళ్ళి, చూపు బాగుందని జోడు పారేసినట్టుంది నీ పని."

"ఎగతాళి చాల్లే. మళ్ళీ కొలిచి నింపేద్దాం. ఎవరికి తెలుస్తుంది?"

"సోమవారం నుంచి ఈ సగం పవర్‌తోనే పరీక్షించి, పద్నాలుగు రిసీవర్లు సిగ్నల్ అందుకోవట్లేదని ఫెయిల్ చేశాం. అన్నీ టంకం వేసే పెద్దావిడ చేతివే. ఆమెను ఇవాళ పనిలోంచి తీసేస్తున్నారు."

"ఈ నెల్లోనే నన్ను సెక్షన్ హెడ్ చేస్తామన్నార్రా."

"నేనెవరితోనూ అనను. అక్కతో కూడా."

బావ జనరేటర్ ఆపేసి లేచాడు.

"ఆ ఫెయిల్ చీటీలు ఇటివ్వు. సంతకాలు నావి, కొట్టేసేదీ నేనే. మేనేజరు ఉన్నాడా?"

"ఉన్నాడు. పెద్దావిడ కూడా అక్కడే నిలబడి ఉంది."

"మంచిదే. ఆమె వినేట్టే చెబుతాను."