ఎంచుకున్న గడులు

ఏప్రిల్ వచ్చిందంటే సీట్లు మార్చుకోకపోతే సబాయె ఊళ్ళోని ఆ కళ్ళజోళ్ళ ఫ్రేముల కంపెనీలో ఎవరికీ తోచదు. ఇప్పుడు కంప్యూటర్ ముందు ముగ్గురున్నారు: కొత్తగా వచ్చిన మేనేజరు ఒగిహారా మేడం, సీట్లు తారుమారు చేసే 'మాక్రో' అనే చిన్న ప్రోగ్రాము రాసిన సావతారి, దాన్ని ఏటేటా నడిపే నగుమో. పేరులో ఉన్న నవ్వు మొహంలోనూ ఉన్న ఆ అమ్మాయి పక్క సీటు ఈసారి చేజారిపోతుందేమోనని సావతారికి పొద్దుట్నుంచీ అన్నం సయించలేదు.

"మూడేళ్ళ నుంచీ మీరిద్దరే పక్కపక్కన ఎలా పడుతున్నారయ్యా సావతారీ?"

"అదృష్టం మేడం."

"ఎవరిది?"

"అంటే... దురదృష్టం అనాలేమో. నగుమో గారినే అడగండి."

"నా ఖర్మ మేడం. ఈయన కీబోర్డు కొడుతుంటే పక్కన వడ్లు దంచుతున్నట్టుంటుంది."

"ఆవిడ మాత్రం తక్కువా మేడం? పొద్దున్న మొదలుపెడితే సాయంత్రం దాకా కరకరా బియ్యపు బిస్కెట్లు నములుతూనే ఉంటారు."

"సగం మీకే పెడతాను కదండీ!"

"పెడతారనుకోండి."

"ఆపండర్రా. ఆఫీసంతా ఏమనుకుంటోందో తెలుసా? మాక్రోలో ఏదో మతలబుందని. గోదాము వాళ్ళయితే ఈసారి అమిదకుజి పెట్టమంటున్నారు. కాగితం మీద నిచ్చెన గీతలు గీసి ఎవరి గీత ఎటు దిగితే అటు."

"అయ్యో, మళ్ళీ కాగితాలూ పెన్సిళ్ళూనా? అంత వెనక్కి పోతామా మేడం?"

"సరే, అయితే ఇదెలా పనిచేస్తుందో చెప్పు సావతారీ."

"ఇదిగో మేడం, ఆఫీసు పటం. షీటంతా గళ్ళ కాగితంలా చిన్న చిన్న గడులు. ఒక్కో గడి ఒక్కో సీటు, అందులో మనిషి పేరు. బటన్ నొక్కితే 'ఏ గడులు?' అని ఓ పెట్టె అడుగుతుంది. మౌస్‌తో లాగి చూపించాలి. చూపించినవాటిలో పేర్లని పేకముక్కల్లా కలిపేస్తుంది. చూపించనిదాని జోలికి పోదు."

"మధ్యలో ఒకటి వదిలెయ్యాలంటే?"

"కంట్రోల్ మీట నొక్కిపట్టుకుని, దాన్ని తప్పించి చుట్టూ ముక్కలు ముక్కలుగా లాగాలి. కంపెనీ ప్రెసిడెంటు గారి సీటు అలాగే వదిలేస్తాం. ఆయన్ని తీసుకెళ్ళి జెరాక్సు మిషను పక్కన పడేస్తే బాగుండదు కదా."

"ఓసారి పడెయ్యాల్సిందే. మరి ఏటా లాగేదెవరు?"

"నేనే మేడం. ఆఫీసు ఏర్పాట్లన్నీ నావేగా."

"నువ్వు లాగేటప్పుడు ఈ సావతారి ఎక్కడుంటాడు నగుమో?"

"నేను టీ తేవడానికి వెళ్తాను మేడం. ఏటా సరిగ్గా అప్పుడే నగుమో గారికి గొంతెండిపోతుంది."

"ఊఁ."

"ఊఁ అంటే ఏంటి మేడం?"

"ఊఁ అంటే ఊఁ. ఏదీ, నా ముందు నడుపు."

"ఇప్పుడా? సావతారి గారూ, కాస్త టీ..."

"టీ తర్వాత. లాగు."

"లాగుతున్నా మేడం."

"కుడిచేతిలో మౌసుంది, సరే. ఎడం చెయ్యి కీబోర్డు మీదెందుకు?"

"అలవాటు."

"అలవాటు మానుకో. లే నగుమో, నేనే లాగుతా."

"మేడం, మేడం! మీకెందుకు శ్రమ?"

"అవును మేడం, ఆ మౌసొకటి మహా మొండిది, మీ మాట వినదు."

"ఇద్దరూ ఒక్కసారే కంగారు పడతారేం?"

"కంగారా? నాకేం కంగారు?"

"నాకసలే లేదు మేడం. ఆలోచిస్తే... అమిదకుజే నయమేమో."

"సావతారీ! ఇందాకే కదయ్యా వెనక్కి పోవద్దన్నావు?"

"ముందుకెళ్ళినా సుఖం లేదనిపిస్తోంది మేడం."

"జరుగు. ఇదిగో, ఈ మూల నుంచి... ఆ మూల దాకా. ఒక్క గడి కూడా వదల్లేదు. చుట్టూ చుక్కల గీత చీమలబారులా పాకుతోంది, చూశారా?"

"మేడం, ప్రెసిడెంటు గారు కూడా లోపల పడ్డారు!"

"పరీక్షే కదా నగుమో. నొక్కనా?"

"ఆగండి మేడం! మాక్రో ఒకసారి చేసేసిందంటే వెనక్కి తీసుకోలేం!"

"అసలు షీటు కాదులే సావతారీ, కాపీలో చేస్తున్నా, ఆ మాత్రం నాకూ తెలుసు. నొక్కేశా."

"అమ్మో! ప్రెసిడెంటు గారు నిజంగానే జెరాక్సు మిషను పక్కన పడ్డారు!"

"నేను కిటికీ దగ్గర. బాగుంది. మరి నువ్వెక్కడ నగుమో?"

"నేను... అక్కడే మేడం."

"సావతారి?"

"నేనూ... అక్కడే."

"ఆఫీసంతా కదిలింది, మీరిద్దరు తప్ప. మళ్ళీ నొక్కుతా. చూడండి, మళ్ళీ అంతే! ప్రెసిడెంటు గారు ఊరంతా తిరిగొస్తున్నారు, మీరు మాత్రం పాతిన గుంజల్లా ఉన్నచోటే ఉన్నారు!"

"ఇదెలా సావతారి గారూ? ఈసారి మన గడులు కూడా ఎంచుకున్నారుగా మేడం?"

"లోపలి కోడ్ తెరువు సావతారీ."

"వద్దు మేడం, అదంతా సర్దని వంటిల్లులా ఉంటుంది..."

"తెరువు."

"తెరిచా."

"ఈ లైను చదువు. నా జోడు పాతదయింది, కనపడ్డం లేదు."

"కళ్ళజోళ్ళ కంపెనీలో మేనేజరు గారి జోడు పాతదా మేడం?"

"మాట తప్పించకు. చదువు."

"'గడిలో పేరు సావతారి అయినా... నగుమో అయినా... కదపొద్దు.'"

"పక్కన ఆకుపచ్చ అక్షరాల్లో ఏదో రాసుకున్నావు, అదీ చదువు."

"'తాత్కాలికం' అని మేడం."

"మూడేళ్ళ తాత్కాలికమా! ఊరందరి చూపూ బాగుచేస్తాం, మన కళ్ళెదుటిది మాత్రం మనకి కనపడదు!"

"నగుమో గారూ, తప్పు నాదే. మీరొచ్చాక మొదటిసారి సీట్లు మార్చే ముందు రాశాను. మీ పక్కన కూర్చోవడం నాకెంతో ఇష్టమని నోరు తెరిచి చెప్పే ధైర్యం లేక ఈ పని చేశాను. ఇప్పుడే ఆ లైను తీసేస్తా. మేడం ఏ మూలకి పంపినా పోతా. మీరు తిట్టండి, పడతాను."

"తిట్టక ముద్దుచేస్తానా! మూడేళ్ళండీ, మూడేళ్ళు!"

"అవును."

"ఒక్క మాట నాతో చెప్పి చావకూడదూ!"

"చెప్పాల్సింది. తప్పే."

"మరి ఏటేటా మిమ్మల్ని టీకి తరిమి, ఆ కంట్రోల్ మీటని వేలు వాచేలా నొక్కిపట్టి, సరిగ్గా మన రెండు గడులూ వదిలేసి చుట్టూ లాగుతూ వచ్చానే... అదంతా దండగేనా!"