బసిరెడ్డి కొత్త జీను

బసిరెడ్డని ఒకాయన ఉండె. ఆయనకు ఏటవతలూరి లింగమ్మను అడగబోతే, ఆ పిల్ల నాయన ఏమన్నాడంటే, మా పిల్ల గుర్రమెక్కి వచ్చేవాణ్ణే చేసుకుంటాదంట, నెలన్నర పోయినాక రాండి అన్నాడు. గుర్రం ఉండాది, జీను లేదు. సరే అని తోలు జీను కుట్టించినాడు. కుట్టినాయన చెప్పనే చెప్పినాడు, "రెడ్డీ, కొత్త తోలు చెక్క మాదిరి ఉంటాది. ఆముదం పూసి నలభై దినాలు ఎక్కి తిరుగు, మెత్తబడతాది" అని. చెప్పినాడా లేదా? ఈయన ఒక్క దినం ఎక్కినాడు. తొడలు రెండూ దోక్కపోయినాయి. "అమ్మో, నావల్ల కాదు" అని, ఇంట్లోనే ఉండే పిన్నమ్మ కొడుకు ఓబులేసును పిలిచి, రేయ్, ఆ నలభై దినాలేవో నువ్వే ఎక్కి మెత్తబెట్టు, తర్వాత నేనెక్కుతా అన్నాడంట. ఎంత తెలివో సూడండి!

ఓబులేసు ఎక్కినాడు. తొడలు పుండ్లయితే వాటికింత ఆముదం, జీనుకింత ఆముదం, మళ్లా ఎక్కినాడు. నలభై దినాలకు జీను వెన్నముద్దయిపోయిందనుకో. అయితే ఎవురికి? ఓబులేసుది సన్నపు ఒళ్లు, పొడుగు కాళ్లు. తోలు ఆ ఒంటికే కుదురుకునింది. బసిరెడ్డేమో బానంత మనిషి. పెండ్లిచూపుల నాడు ఎక్కితే ఇటు జారె, అటు జారె, తొడలు మళ్లా దోక్కపోయె. ఏటికాడికి పొయ్యేసరికి కండ్లల్లో నీళ్లు. దిగేసి, వెంట నడిచొస్తాండే ఓబులేసుతో అన్నాడు, "ఓరే, ఇంకా మెత్తబడలేదురా ఇది! ఊరిదాకా నువ్వెక్కి ఇంకొంచెం మెత్తబెట్టు, ఊరి ముందర నేనెక్కుతా." "బాగుండదన్నా." "ఎక్కమంటే ఎక్కరా!" ఎక్కినాడు పాపం.

ఏమైందంటే, ఊరోళ్లు దూరాన్నుంచే గుర్రాన్ని చూసి, పలకలు కొట్టుకుంటా ఎదురొచ్చి, ఓబులేసు మెళ్లో మాలేసి లాక్కపోయినారు. "నేను కాదయ్యా, వెనకొచ్చే ఆయన!" అని వీడు మొత్తుకుంటాంటే ఆ మోతలో వినేదెవురు? వెనకాల బసిరెడ్డి కాళ్లు ఎడంగా పెట్టి కుంటుకుంటా, "దిగరా, పెండ్లికొడుకుని నేను!" అని అరుస్తా వస్తాండాడు.

ఇంటిముందర పలకలు ఆగినాక సంగతంతా బయటపడె. ఓబులేసు దాయకుండా చెప్పినాడు. లింగమ్మ గడపలో నిలబడి అంతా విని, "నాయనా, తొడ దోక్కపోతేనే ఇంకొకర్ని ఎక్కించినాడే, రేపు కాపరంలో కష్టమొస్తే ఎవుర్ని ఎక్కిస్తాడు? నాకు ఈ ఎక్కినాయనే సాలు" అనేసిందంట. తండ్రి సరేననేసినాడు. మాల ఎట్లాగూ ఓబులేసు మెళ్లోనే ఉండె.

బసిరెడ్డి నడుచుకుంటా ఇంటికొచ్చినాడు. సచ్చేదాకా ఆ జీను కుట్టినోణ్ణే తిట్టినాడంటప్పా. మరి ఎవుర్ని తిట్టమంటారు, తన్ను తాను తిట్టుకుంటాడా?