అడుగున్నర పెరిగిన మంచం

అందరికీ నమస్కారం. షిఫ్టు వదలగానే పనిబట్టలతోనే వచ్చారు. కూర్చోండి. కుర్చీలకు కొదవ లేదు, సగం ఆయన చేసినవే. ఆ గోడ పక్కనున్న మంచం మీద మాత్రం కూర్చోకండి. ఎందుకో చెబుతాను.

మన మేస్త్రి లేడు. సోమవారం పొద్దున రంపం ఆపి బెంచీ మీద తల వాల్చాడు. మళ్ళీ ఎత్తలేదు.

ఈ ఫోను అవతల ఆయన భార్య, కూతురు వింటున్నారు. వదినా, వినబడుతోంది కదా?

నేను మాటకారిని కాను. వర్క్‌షాపులో రోజూ రిజిస్టరు రాసేవాణ్ణి. పన్నెండేళ్ళలో ఆయన పేరు పక్కన 'రాలేదు' అని నాలుగుసార్లే రాశాను. ఆ నాలుగుసార్లూ ఎక్కడికెళ్ళాడు? భార్యనీ కూతుర్నీ ఇక్కడికి తెచ్చుకునే వీసా కోసం, ఆ ఆఫీసుకే.

ఏ కేటగిరీలో ఎవరి వంతు ఎంతదాకా వచ్చిందో చెప్పే వీసా తేదీల జాబితా నెలనెలా వస్తే టీ వేళకి మనమంతా ఆయన చుట్టూ చేరేవాళ్ళం. మనందరి కేటగిరీలూ చదివాకే తనది చూసుకునేవాడు. "నాది కదల్లేదు, కూర్చుని రెస్టు తీసుకుంటోంది" అనేవాడు. పెట్టుబడి పెట్టేవాళ్ళకి వేరే కేటగిరీ ఉందట, తొందరగా వచ్చేస్తుందట అని ఎవరో అంటే నవ్వాడు. "మనం పెట్టుబడి పెట్టలేదని ఎవర్రా అన్నది? వాళ్ళు డబ్బు పెట్టారు, మనం వయసు పెట్టాం."

ఆయన గదికి మీలో ఎవరైనా వెళ్ళారా? నేను వెళ్ళాను. ఆయన నేలమీద పడుకునేవాడు. ఈ మంచం కూతురిది. వచ్చిన ఏడాదే చేశాడు, తొమ్మిదేళ్ళ పిల్లకి సరిపడా, నాలుగున్నర అడుగులు. వీసా రాలేదు. పిల్ల పెరిగింది. "అమ్మాయి నా భుజం దాటిందండీ" అని వదిన ఫోన్లో చెప్పిన రోజు టేపు తీశాడు. అలా మూడుసార్లు అతుకు వేశాడు. ఇప్పుడు ఆరడుగులు. అతుకు చేతికి తగలదు, చెక్క రంగులోనే తెలుస్తుంది. దీనిమీద ఇంతవరకూ ఎవరూ పడుకోలేదు.

వదినా, ఒక సంగతి మీకు ఆయన చెప్పి ఉండడు. వీసా కోసం ఆయన పని గురించి ఉత్తరం రాసింది నేను. ఓనరు సంతకం పెట్టాడంతే. గొప్పగా రాద్దామనుకున్నాను. ఊడుస్తాడు, లారీకి సరుకెత్తుతాడు, రంగులేస్తాడు, ఏ పని చెప్పినా కాదనడు అని రాశాను. ఇరవై ఏళ్ళుగా వడ్రంగం చేస్తున్నాడన్న ముక్క రాయలేదు. అది ఎవరికి తెలియదు గనక అనుకున్నాను. ఆఫీసువాళ్ళకి తెలియదు. నైపుణ్యం లేని పనివాళ్ళ కేటగిరీలో వేశారు. దిద్దించాలంటే మళ్ళీ వరసలో అందరి వెనకనుంచీ రావాలన్నారు.

వడ్రంగుల తేదీ అయిదేళ్ళ కిందటే వచ్చింది. ఆయనది రానేలేదు. పోయిన నెల అమ్మాయికి ఇరవై ఒకటి నిండాయి. ఆ వయసు దాటితే పిల్లల లెక్కలోకి రారట, తండ్రి కాగితాల్లోంచి ఆ పేరు తీసేశారు.

ఏనాడైనా నన్ను ఒక్క మాట అన్నాడా? ఒకసారి నేనే కదపబోతే, "అందులో అబద్ధమేముంది తమ్ముడూ, అన్నీ చేస్తాను కదా" అని మళ్ళీ చిత్రిక పట్టుకున్నాడు.

తప్పు నాది, వదినా. ఇన్నాళ్ళూ నోరు విప్పకపోవడం కూడా నాదే.

దయచేసి అందరూ లేవండి. రెండు నిమిషాలు. వదినా, అమ్మాయీ, ఏ చప్పుడూ వినబడకపోతే ఫోను కట్టయిందనుకోకండి. ఇక్కడే నిలబడి ఉన్నాం.