సూది గుచ్చని శాస్త్రవేత్త: డాక్టర్ వాసవీకుమారి గారు

1993 సెప్టెంబరు 1వ తేదీన, బరంపురం బడా బజార్‌లో తరతరాలుగా దినుసుల టోకు వ్యాపారం చేస్తున్న తెలుగు కుటుంబం నుండి వచ్చిన ఒక యువతి మా జీవరసాయన పరిశోధనశాలలో సహాయక పరిశోధకురాలిగా చేరారు. ఈ నవంబరు 30న పదవీ విరమణ చేస్తున్న డాక్టర్ వాసవీకుమారి గారు వారే. పొగడ్తలంటే వారికి ఒళ్ళు మంట. అభినందన సంచికలో పొగడకుండా ఏం రాయాలో కార్యాలయ పర్యవేక్షకుడినైన నాకు తోచదు గనుక, జరిగింది జరిగినట్టు రాస్తాను.

తొలినాళ్ళలో వారు రక్తపరీక్షల విభాగంలో పనిచేశారు. సూది చూడగానే కళ్ళనీళ్ళు పెట్టుకునే రోగులను ఓదార్చీ ఓదార్చీ, సూదే అక్కరలేని మార్గాన్వేషణకు పూనుకున్నారు. మనం తిన్నదీ, తాగినదీ, పీల్చినదీ శరీరంలో మార్పు చెంది, వందలాది సూక్ష్మపదార్థాలుగా మూత్రంలోకి చేరుతుంది. వాటి పాళ్ళను యంత్రం గీసిన రేఖాచిత్రంలో చదివి మూత్రపిండ వ్యాధిని ఆరంభదశలోనే గుర్తించే పరిశోధనకు మా శాలలో ఆద్యులు వారే. ఆ యంత్రం వచ్చిన రోజున, గోసాని నువాగాం నుండి పిలిపించిన పూజారి దాని పక్కనే కొబ్బరికాయ కొట్టబోతే వారు పెట్టిన కేక నాకింకా గుర్తుంది. కాయ వరండాలో కొట్టించాము.

2016లో అస్కా దగ్గరి పల్లెల్లో శిబిరం పెట్టినప్పుడు, చెరకు కోతకు వెళ్ళే అప్పలనర్సమ్మ అనే ఆవిడ వాచిన కాళ్ళతో వచ్చి, మర్నాడు మూత్రం సీసా పంపింది. ఫలితం నిక్షేపంగా ఉంది. సహాయకురాలు నవ్య ‘ఆరోగ్యం’ అని రాయబోతుంటే వాసవీకుమారి గారు ఆపారు. శిబిరం రోజున అప్పలనర్సమ్మ మా ఎదుటే అడ్డపొగ తాగింది. చుట్ట నిప్పు కొసను నోట్లో పెట్టుకుని పీల్చే మనిషి సీసాలో పొగాకు ఆనవాలే లేదు! జీపు మంజూరుకు నేను కాగితాలు సిద్ధం చేసేలోగా వారు అస్కా బస్సెక్కేశారు. చేసేదిలేక నేనూ ఎక్కాను. ఆవిడ ఇంటి గుమ్మంలో నిలబడి, ఆవిడ యాసలోనే అడిగారు వాసవీకుమారి గారు.

“అప్పలనర్సమ్మా, సుట్ట మానేసినావేటి?”

“మానడమేటి డాక్టరమ్మా, ఇప్పుడే ఆర్పినాను.”

“మరి నీ సీసాలో పొగాకు జాడ లేదేటి?”

ఆవిడ తలొంచుకుంది. లోపలినుంచి కోడలు చందన, “నాది పంపిందమ్మా” అని బయటపెట్టేసింది.

“మా పెద్దకొడుకు లక్ష్ముడికీ కిడ్నీ జబ్బే,” అంటూ అప్పలనర్సమ్మ భోరుమంది. “ఆసుపత్రిలో సూదులు పొడిసి పొడిసి, ఆకరికి పేనమే పోయింది. నేనెల్లను.”

“నానుండగా నీకు సూది పొడవనివ్వను. నీ సీసా నాకియ్యి, సాలు.”

ఇచ్చింది. జబ్బు బయటపడింది. సకాలంలో మాత్రలూ, ఉప్పు తగ్గించిన తిండీ మొదలయ్యాయి. సూది దాకా రానేలేదు. అప్పటినుండి అప్పలనర్సమ్మ ఏటా తన సీసా తానే తెచ్చి ఇస్తోంది. చుట్ట మానమని వాసవీకుమారి గారు ప్రతిసారీ తిట్టడం, ఆవిడ నవ్వేసి వెళ్ళిపోవడం మామూలే. ఇదంతా ఆవిడ అనుమతితోనే రాస్తున్నాను. పేరు తప్పకుండా వెయ్యమంది కూడా.

గతవారం వారు పరీక్షించిన ఆఖరి సీసా ఆవిడదే. జబ్బు అదుపులోనే ఉంది గానీ, పొగాకు జాడ మళ్ళీ లేదు. వారు మండిపడుతూ ఫోన్ చేశారు.

“మల్లీ కోడలి సీసా పంపినావేటే?”

“కాదమ్మా, నాదే. నువ్వెల్లిపోతన్నావని తెలిసి సుట్ట మానేసినాను. నీకెట్టడానికి నాకాడింకేటున్నాది?”

వారు ఫోన్ పెట్టేసి, ఆ రేఖాచిత్రాన్ని చాలాసేపు చూశారు. ఇన్నేళ్ళలో వారు కళ్ళు తుడుచుకోవడం నేను చూసింది అప్పుడే. రేపటి సభలో మేము కప్పబోయే శాలువా దానిముందు ఏపాటిది!

పరులకు సూదిపోటు తప్పించిన వాసవీకుమారి గారు, తమ ఒంటికి సూది అవసరమే రాని నిండు నూరేళ్ళు సుఖంగా జీవించాలని సహోద్యోగులందరి పక్షాన మనసారా కోరుకుంటున్నాను.

— ఢిల్లీశ్వరరావు, కార్యాలయ పర్యవేక్షకులు