ఖాళీ విమానానికి ఆఖరి పిలుపు

మధ్యాహ్నం. విమానాశ్రయంలో చిట్టచివరి గేటు. మైకు ముందు గేటు డ్యూటీ చేసే అక్క, హెడ్డాఫీసులో విమానాల టైములు చూసే తమ్ముడు.

“మళ్లీ పిలుస్తున్నావేంటక్కా? ఎవరున్నారని?”

“డ్యూటీరా. విమానం కదిలే ముందు ఆఖరి పిలుపు పిలవాలి. రూలు రాసింది మీరే కదా.”

“అది జనం ఉన్న విమానానికి. దీనికి ఒక్క టికెట్టు కూడా అమ్మలేదు.”

“అమ్మనప్పుడు ఎగరెయ్యడం దేనికి?”

“మళ్లీ మొదటికొచ్చావా? స్లాటు కోసమని చెప్పాగా. పెద్ద ఎయిర్‌పోర్టులో దిగడానికి మనకంటూ ఒక టైముంది. ఆ టైముకి మన విమానం దిగకపోతే, దాన్ని లాక్కుని ఇంకో కంపెనీకి ఇచ్చేస్తారు. దాని ఖరీదు ముందు ఇది తాగే ఆయిలెంత?”

“బస్సు సీట్లో రుమాలేసినట్టు.”

“అంతే. కాస్త పెద్ద రుమాలు. అదీ ఇవాళ్టితో సరి. స్లాటు అమ్మేశారక్కా. రేపట్నుంచి ఈ విమానం లేదు, ఈ గేటూ లేదు. ఆ మాట చెప్పడానికే వచ్చా.”

“ఫోన్లో చెప్పొచ్చుగా.”

“నా ఫోను నువ్వెత్తవుగా.”

“ఎత్తనుగా.”

“పైగా నీ మీద కంప్లైంటు. ఖాళీ విమానానికి రోజూ చివరిదాకా తలుపు వెయ్యనివ్వడం లేదట. ఆఫీసులో నవ్వుకుంటున్నారు. నా పరువు...”

“నీ పరువు. అవున్లే. అప్పుడూ నీ పరువే.”

“ఇక్కడ టీ కొట్టు ఉండేది కదూ?”

“మాట మార్చకు.”

“మార్చడం లేదు. ఊరికే అడిగా.”

“జనం రాని చోట టీ ఎవరికి అమ్ముతాడు? ఎత్తేశాడు. సెంట్ల కొట్టూ పోయింది. నేనూ, ఈ మైకూ, ఆ పొడుగు నడవా మిగిలాం. ఇదిగో... వినపడుతోందా?”

“ఏంటి?”

“ఉష్! నడవాలో.”

“ఏసీ చప్పుడు.”

“బూట్లురా.”

“అక్కా...”

“నేను పిలవగానే రోజూ వినపడతాయి. ఆ చివర మొదలవుతాయి. టకటకా టకటకా పరిగెత్తుకుంటూ వస్తాయి. మలుపు దాకా వచ్చి ఆగిపోతాయి.”

“ఊడ్చేవాళ్లెవరో అయ్యుంటారు.”

“మీ బావ బూట్ల చప్పుడు నాకు తెలీదా?”

“బావ పరిగెత్తడం నువ్వెప్పుడైనా చూశావా అసలు? అందరి గడియారాలూ బాగుచేసేవాడు, తను మాత్రం ఏనాడూ టైముకి రాలేదు. మీ పెళ్లికే ఆలస్యంగా వచ్చి, మీ గోడ గడియారం ముందుకి పోతోందన్నాడు!”

“నవ్వించకు.”

“నవ్వించడం కాదు, ఉన్నమాట చెప్తున్నా. ఆ రోజూ నిదానంగానే వచ్చుంటాడు. టీ తాగి, కళ్లజోడు తుడుచుకుని... నువ్వెళ్లి చూసేసరికి మలుపు దగ్గర గోడకానుకుని కూర్చునున్నాడు కదా? పరిగెత్తిన మనిషి అలా కూర్చుంటాడా? ఆగాల్సిన గుండె ఆగింది. ఇంట్లో ఉన్నా ఆగేదే. డాక్టరు చెప్పలేదూ?”

“డాక్టరు చెప్పింది విన్నా. దానికి ముందు నువ్వు చెప్పిందీ విన్నా. ఈ వాకీటాకీలోనే.”

“ఇప్పుడవన్నీ ఎందుకక్కా?”

“అందరూ ఎక్కేశారు, మీ బావ ఒక్కడే రావాలి, కిటికీ సీటు కావాలని పొద్దున్నే మారాం చేసి మరీ తీసుకున్నాడు, కాస్త ఆగండి అన్నా. నువ్వేమన్నావు?”

“నా సీట్లో ఎవరున్నా అదే అనేవాళ్లు. ఇక్కడ నిమిషం జారితే అక్కడ మన వరస పోతుంది. ఆ వెనకవన్నీ...”

“నువ్వేమన్నావు?”

“తలుపు వేసెయ్యమన్నా.”

“వేరే వాళ్లయితే?”

“వదిలెయ్యక్కా.”

“వేరే వాళ్లయితే ఆపేవాడివా, కాదా? అంతకుముందు ఎవరో ముసలావిడ కోసం ఆపావు. నాకు బాగా గుర్తు.”

“ఆపేవాణ్ని! సరేనా? ఆపేవాణ్ని. అప్పుడప్పుడే ఆ కుర్చీ ఎక్కా. బావగారి కోసం విమానం ఆపాడంటారని భయపడ్డా. మనవాడే కదా, ఇంకో దాన్లో పోతాడు, సాయంత్రం ఫోన్ చేసి నాలుగు చివాట్లు పెడతాడు, పడదాంలే అనుకున్నా. ఆ చివాట్ల కోసం ఇప్పటికీ చూస్తున్నా, తెలుసా నీకు?”

“తెలీదు. చెప్పలేదుగా ఎప్పుడూ.”

“నువ్వు ఫోనెత్తితే కదా.”

“నువ్వు వెయ్యమన్నావు, వేసింది నేను. ఈ చేత్తోనే. వేశాక వినపడ్డాయి బూట్లు. ఇంజను రొదలో నా భ్రమేమో అనుకున్నా.”

“భ్రమేనక్కా. బావ పరిగెత్తలేదు. పరిగెత్తుంటే... లేదు, పరిగెత్తలేదు. ఆ ఒక్కమాట నాకు ఉండనీ.”

“ఉంచుకో. నాకు మాత్రం ఒక పని చేసిపెట్టు.”

“ఏం చెయ్యమంటావు?”

“ఒక్కసారి నువ్వు పిలువు.”

“నేనా?”

“నేను రోజూ పిలుస్తూనే ఉన్నా, మలుపు దాటి రావడం లేదు. వెయ్యమన్నవాడు పిలవాలి కాబోలు. రేపట్నుంచి గేటే లేదంటున్నావు. మరి ఆయన అక్కడే ఉండిపోవాలా? గేటు లేని నడవాలో, పిలిచే మనిషి లేకుండా?”

“పిచ్చి పనక్కా ఇది.”

“పిచ్చిదే. చెయ్యి.”

“సరే, మైకు ఇటివ్వు. ఆఖరి పిలుపు. ప్రయాణికులు దయచేసి...”

“అలా కాదు. ఇంట్లో పిలిచినట్టు.”

“సిగ్గేస్తోంది.”

“ఎవరున్నారని?”

“బావా... నేను. పిచికని. వినపడుతోందా? తలుపు తీసే ఉంది. తీసే ఉంచమన్నా. నువ్వొచ్చేదాకా ఎవరూ వెయ్యరు. తొందరేం లేదు బావా. మెల్లగా రా.”

“పిచిక. ఎన్నాళ్లయింది ఆ మాట విని!”

“ఆయనొక్కడేగా అలా పిలిచేది. మన ముగ్గురికి తప్ప ఇంకెవరికీ తెలీదు. ఏమైనా వినపడిందా?”

“ఉష్... లేదు.”

“అసలేం లేదా?”

“లేదురా. ఇవాళ ఒక్క అడుగు కూడా వినపడలేదు.”

“చూశావా? అక్కడేం లేదక్కా. ఎప్పుడూ లేదు. ఏడవకు. ఇంటికి పోదాం, నేను దింపుతా.”

“నువ్వు పిలిస్తే వస్తాడనుకున్నా.”

“నేనూ... ఒక్క క్షణం అనుకున్నా.”

“ఆ వాకీటాకీ నువ్వే అందుకో. తలుపు వేసుకోమని నేను చెప్పలేను.”

“హలో, కెప్టెన్ గారూ, గేటు నుంచి. ఇక తలుపు వేసేసుకోండి.”

“అలాగే సార్. కానీ ఖాళీ విమానం అన్నారే! ఇందాకే ఒకాయన వచ్చి కిటికీ పక్కన కూర్చున్నారు. గేటు దగ్గర పిచిక అని ఒకతను ఉంటాడట, ఈసారి పరిగెత్తకుండా మెల్లగానే వచ్చానని చెప్పమంటున్నారు.”