జింకల గడ్డి

తమ్ముడి సంచిలో అక్క జొన్నరొట్టెల మూట, రెండు జతల బట్టలు సర్దుతోంది. అడవిలో జింకల కోసం గడ్డి పెంచే చోట కలుపు తీసే కూలికి వెళ్తున్నాడతను.

"జింకలకు గడ్డి పెంచితే, వాటి ఎనుక పులి రాదా తమ్మీ?"

"రానీ అక్కా. నా బొక్కలు నమిలితే దాని పండ్లే ఊడుతయ్."

"పరాష్కాలాడకు. నిలబడి పారతోటి చెక్కరాదా?"

"వయ్యారిభామ కలుపును చెక్కితే ఏరు మిగులుతది, మల్ల మొలుస్తది. పూత రాకముందే వంగి ఏరుతోటి పీకాలె. గప్పుడే దున్ని గడ్డి గింజలు సల్లుతరు."

"వంగితే నువ్వు పులికి దుప్పి లెక్కనే కనవడ్తవ్ గద!"

"ఫికర్ చెయ్యకు. తల ఎనుక కట్టుకోమని మేస్త్రి మొకం బొమ్మ ఇచ్చిండు. మనిషి తననే చూస్తుండనుకొని పులి తప్పుకుంటది."

అక్క ఆ బొమ్మను అతని తల వెనుక కట్టింది.

"ఏదీ, కలుపు పీకినట్టు ఒక్కసారి వంగు."

వంగాడు. బొమ్మ కళ్ళు ఇంటి కప్పును చూశాయి.

"తమ్మీ, గిది మొగులును చూస్తున్నదిరా..."

"బస్సొచ్చింది. పోయొస్త అక్కా."

ఆ ఏడు మృగశిర కార్తెలో, దున్నకం కాగానే కూలీలంతా ఇళ్ళకు వచ్చారు. తమ్ముడు రాలేదు.