వత్తు మారిన మాట

కుట్టుమిషన్లు బాగుచేసే ఆయన ఇంట్లో ముందుగది. ఆయన భార్య పోయి ఏడాది అయింది. ఆమె కంప్యూటరు ముందు ఆమె చెల్లెలు, బడిలో టీచరు, కూర్చుని ఉంది. ఆయన కాస్త ఎడంగా స్టూలు మీద ఉన్నాడు.

“అదొద్దు. తీసెయ్.”

“ఏది బావా? లాగిన్ పేజీయా?”

“లాగిన్ ఒకటి, చరిత్ర ఒకటి, ఆ తప్పు దిద్దే అభ్యాసం ఒకటి. మూడూ తీసెయ్. మిగతాది బానే ఉంది.”

“మూడూ తీసేస్తే మిగిలేది అట్ట. కొత్తవాళ్లు వికీలో ఎలా రాయాలో నేర్పే మాన్యువల్ బావా ఇది. ఎవరైనా రాయొచ్చు, ఎవరైనా దిద్దొచ్చు, అదీ వికీ అంటే. అలాంటప్పుడు రాసిందెవరో తెలియొద్దా?”

“ఎందుకు తెలియాలి? నా దగ్గరికి మిషను తెస్తారు. సూది దిగట్లేదంటారు. దిగేలా చేసిస్తాను. నీ పేరేంటి, మీ నాన్న పేరేంటి అని అడుగుతానా?”

“మిషను వేరు, ఇది వేరు.”

“ఏం వేరు? ఇందులో ఉన్నదంతా మిషన్లేగా. ఇంట్లో కుట్టుకునే ఆడవాళ్లు తమ మిషను తామే బాగుచేసుకోవాలని మీ అక్క పెట్టింది. నేను చెప్పాను, తను టైపు కొట్టింది. నా పొట్ట కొట్టుకోడానికి నేనే సాయం చేశాను.”

“అబద్ధాలాడకండి. అది చదివాకే మీ దగ్గరికి జనం ఎక్కువొచ్చారు.”

“చదివి, సగం విప్పి, బిగించడం రాక సంచిలో వేసుకొచ్చారు. అదీ లాభమేలే.”

“నవ్వొస్తే నవ్వండి బావా. నేనేం చూడను.”

“పని చూడు.”

“పని ఆగింది మీవల్లే. సూది కింద దారం పట్టే షటిల్ పేజీ చూడండి. ‘షటిల్ విప్పేముందు’ అని ఉంది, ఆపైన ఖాళీ. రెండేళ్లుగా ఖాళీ. విప్పేముందు ఏం చెయ్యాలి?”

“సూది పైకి లేపాలి.”

“అంతేనా?”

“అంతే. లేపకపోతే విరుగుతుంది.”

“ఆ మూడు మాటలూ అక్కకి చెప్పలేకపోయారా?”

“చెప్పలేదు.”

“ఎందుకని?”

“నీకు తెలుసు.”

“మీ నోటితో వినలేదు.”

“అభ్యాసం తీసెయ్, షటిల్ గురించి పది పేజీలు చెప్తాను. తియ్యకపోతే సూది పైకి లేపడంతో సరి.”

“అందులో అంత ఏముంది బావా? చదువుతా వినండి. ‘ఈ వాక్యంలో ఒక తప్పుంది. మార్చు అన్నచోట నొక్కి దిద్దండి.’”

“ఎంతసేపూ నొక్కండి, నొక్కండి. రాసేదెప్పుడు?”

“వినండి ముందు. ‘సూది విరిగితే భాద పడకండి. సూది ఉన్నదే విరగడానికి.’ ఇంతేగా.”

“అది నేను రాసింది.”

“తెలుసు.”

“తెలుసనడం కాదు. నా చేత్తో నేను టైపు కొట్టిన మొదటి మాట అది. ఒక్కో అక్షరం వెతుక్కుని అరగంట కొట్టాను. మీ అక్క నా భుజం మీద చెయ్యేసి నిలబడింది. బావుంది అంది. మర్నాడు చూస్తే నలుగురూ దిద్దుకోడానికి పెట్టింది.”

“ఒక్క వత్తేగా. ముందక్షరానికి పెట్టారు. రెండోదానికి పెట్టాలి.”

“వత్తు ముందుంటేనేం, వెనకుంటేనేం? పలికితే ఎవడికి తెలుస్తుంది? మా ఊరి బడికి పంతులు వారానికి రెండ్రోజులొచ్చేవాడు. వత్తులు చెప్పినరోజు నేను గొడ్ల వెనక ఉన్నాననుకో.”

“అక్క వెక్కిరించడానికి పెట్టలేదు.”

“మరెందుకు పెట్టింది?”

“ఇన్ని తెలిసిన మెకానిక్కే తప్పు రాశాడు, మీరూ ధైర్యంగా రాయండి అని. కొత్తవాళ్లకి భయం పోవాలని.”

“అలాగని అక్కడ రాసిందా?”

“రాయలేదు.”

“మరి? టీచరమ్మవి, నువ్వు చెప్పు. మీ బడిలో ఒకడి తప్పు బోర్డు మీద రాసి ఏడాదిపాటు చెరపకుండా ఉంచుతావా?”

“ఉంచను.”

“వచ్చిన ప్రతివాడూ నన్ను దిద్దిపోయాడు. కాజాలు కుట్టే పిల్ల దిద్దింది. దారాల కొట్టాయన దిద్ది, నాకే ఫోన్ చేసి చెప్పాడు, మీ మిషన్ల వికీలో తప్పు పట్టానండీ అని. ఎవరు దిద్దినా మీ అక్క మళ్లీ తప్పు పెట్టేది.”

“పెట్టకపోతే తర్వాతివాళ్లు ఏం దిద్దుతారు?”

“నీదీ అదే మాట. మీ అక్కని తీసెయ్యమన్నాను. ‘మీరే వచ్చి దిద్దండి, రెండక్షరాలేగా, మీరు దిద్దాక ఇంక ముట్టుకోను’ అంది. నేనెందుకు దిద్దాలి? పెట్టింది తను.”

“ఎన్నాళ్లు మాట్లాడలేదు?”

“వికీ మాట పదకొండు నెలలు. మిగతా మాటలుండేవి. తిన్నావా, తలుపు వెయ్యి, ఫ్యాను ఆపు.”

“అవీ మాటలేనా బావా?”

“కాపరానికి చాలు.”

“సరే, అభ్యాసం సంగతి తర్వాత. చరిత్ర పేజీ ఏం పాపం చేసింది?”

“అయిందేదో అయింది. పాత కుట్లు విప్పి చూసుకుంటూ కూచుంటే కొత్తగుడ్డ కుట్టేదెప్పుడు?”

“మీరెప్పుడైనా తెరిచారా దాన్ని?”

“నాకెందుకు? ఏముంటుంది అందులో?”

“ఎవరు మార్చారు, ఎన్నింటికి మార్చారు, ఎందుకు మార్చారు. ఆ ఎందుకు అన్నది మార్చినవాళ్లే పక్కన రాస్తారు. దిద్దుబాటు సారాంశం అంటారు.”

“రాయకపోతే?”

“ఖాళీగా ఉంటుంది.”

“అదే మేలు.”

“స్టూలు ఇటు లాక్కోండి బావా. ఏడాదిగా మీకిది చూపిద్దామనుకుంటున్నా. చరిత్ర అన్న మాటెత్తితే చాలు, లేచి బయటికెళ్లి ఎవరిదో మిషనుకి నూనె పోస్తారు.”

“నాకిక్కణ్ణుంచి కనపడుతుంది.”

“అక్షరాలు చిన్నవి.”

“నువ్వు చదువు. ఒక్కటే చదువు.”

“అభ్యాసం పేజీది చదువుతా. సూదిదారం అన్న పేరుందే, అది అక్క.”

“ఆ పేరు పెట్టింది నేనే. సంగతి చెప్పు.”

“‘అభ్యాసం కోసం మళ్లీ తప్పు పెట్టాను.’ దానిపైన, ‘అభ్యాసం కోసం మళ్లీ తప్పు పెట్టాను.’ ఇలా నలభై సార్లు, అదే మాట.”

“నలభయ్యా? నేను పాతికనుకున్నా.”

“ఆఖరిది మాత్రం వేరు. అక్క పోయే ముందురోజుది. మంగళవారం, నాలుగున్నరకి.”

“అది చదవకు.”

“ఎందుకు?”

“ఆ రోజు కూడా మళ్లీ తప్పు పెట్టింది. నాకు తెలుసు.”

“చరిత్ర ఎప్పుడూ తెరవలేదన్నారుగా?”

“చరిత్ర చూళ్లేదు. పేజీ చూశాను.”

“ఆస్పత్రిలో పెళ్లాన్ని పెట్టుకుని ఇంట్లో వికీ చూస్తూ కూచున్నారా?”

“చదువుతానన్నావుగా. చదువు.”

“‘ఇక దీన్ని ఎవరూ దిద్దకండి. మా ఆయన కోసం ఉంచాను. ఆయనే వచ్చి దిద్దుతారు.’”

“మళ్లీ చదువు.”

“‘ఇక దీన్ని ఎవరూ దిద్దకండి. మా ఆయన కోసం ఉంచాను. ఆయనే వచ్చి దిద్దుతారు.’ మంచం మీద పడుకునే కొట్టింది బావా. కుడిచేతికి సెలైన్ పెట్టారు, ఎడంచేత్తో కొట్టింది. ఫోన్ నేనే పట్టుకున్నా. ‘ఎవరో మళ్లీ దిద్దేశారే, ఆయనకి మిగల్చకుండా’ అంది. విసుక్కుంటూనే నవ్వింది.”

“నవ్విందా?”

“నవ్వింది. ఫోన్ పక్కన పెట్టమని తలుపు వైపు తిరిగి పడుకుంది. నర్సు వచ్చినా, ఊడ్చే ఆవిడ వచ్చినా తలెత్తి చూసింది. మీరు రాలేదు. తెల్లారేసరికి అయిపోయింది. అందుకే ఆ పేజీకి తాళం వేశాను, ఎవరూ ముట్టుకోకుండా. మీరే వచ్చి దిద్దుతారు కదా అని. ఏడాదైంది. నాకు మీ మీద కోపముంది బావా, దాచుకోను.”

“ఉండాలి.”

“ఉండాలంటే సరా? ఆ సాయంత్రం ఎక్కడున్నారు మీరు?”

“ఇక్కడే. నువ్వు కూర్చున్న కుర్చీలో.”

“ఎందుకు రాలేదు?”

“వద్దామనే స్నానం చేశాను. ఉతికిన చొక్కా వేసుకున్నాను. తర్వాత విప్పేశాను.”

“ఎందుకు విప్పేశారు?”

“వద్దనుకుందని.”

“ఎవరు?”

“మీ అక్క. నన్ను.”

“అక్క ఎప్పుడనుకుంది అలాగని?”

“నాలుగున్నరకి.”

“నాలుగున్నరకి రాసింది ఇదే కదా బావా. మీ కోసం ఉంచానని.”

“నాకు తప్పొక్కటే కనపడింది. పక్కన ఇంత రాసిందని ఎవరు చెప్పారు?”

“అయినా పేజీలో ఓ వత్తు వెనక్కొస్తే మిమ్మల్ని రావద్దన్నట్టెలా అవుతుంది? నలభై సార్లొచ్చింది. మీరు కాలు బయట పెట్టకపోవడానికి అదో సాకు.”

“దానికి ముందు దిద్దిందెవరో చదువు.”

“ఎవరైతే ఏం?”

“చదవమన్నాగా.”

“పేరు లేదు. అదే రోజు, నాలుగూ పదికి. వట్టి నంబరుంది. లాగిన్ కాకుండా దిద్దితే అంతే, పేరు పడే చోట నంబరు పడుతుంది. సారాంశం కూడా ఖాళీ. ఎవరో కొత్తవాళ్లు.”

“పేరసలు పడదా?”

“పడదు.”

“మీ అక్కకి కూడా నంబరే కనపడుతుందా?”

“నంబరే. అక్కకైనా, నాకైనా.”

“చూడగానే తెలిసిపోతుందనుకున్నా.”

“ఏం తెలిసిపోతుంది?”

“లాగిన్ పేజీ ఉంచు.”

“ఇందాకే కదా తీసెయ్యమన్నారు?”

“ఉంచు. అన్నిటికంటే ముందు పెట్టు. రెండక్షరాలు దిద్దేవాడైనా సరే, పేరు చెప్పి దిద్దమను. ఆ నాలుగూ పదికి దిద్దింది నేనమ్మా.”